పది పౌండ్ల ఇల్లు

ఈ వారం మిమ్మల్ని ఇంగ్లండులో ఒక పల్లెటూరికి తీసుకెళ్తాను, రండి. ఊరి పేరు ఆల్ఫ్రిస్టన్. దక్షిణాన ససెక్స్ ప్రాంతంలో, కక్‌మియర్ అనే చిన్న నది ఒడ్డున ఉంటుంది. అక్కడ చర్చి పక్కనే గడ్డి కప్పు వేసిన పాత ఇల్లొకటి ఉంది. క్లర్జీ హౌస్ అంటారు, అంటే చర్చి గురువుగారి ఇల్లన్నమాట. కట్టి ఆరు వందల ఏళ్లు దాటింది.

లోపలికి అడుగు పెట్టగానే పెద్ద హాలు. పైన అటక లేదు, తలెత్తితే నేరుగా కప్పు వాసాలే కనిపిస్తాయి. ఎందుకలా వదిలేశారంటారా? ఆ రోజుల్లో ఇలాంటి ఇళ్లకి పొగగొట్టాలు ఉండేవి కావు. హాలు మధ్యలో నేల మీదే నిప్పు రాజేసేవారు. చలి కాచుకోవడమూ అక్కడే, కుండ ఎక్కించడమూ అక్కడే. పొగంతా పైకి పోయి కప్పులోంచి మెల్లగా బయటపడేది. అలాంటి ఇళ్లలో పాత వాసాలు ఈనాటికీ మసి పట్టి నల్లగా ఉంటాయి. పొగలో కళ్లు తుడుచుకుంటూ వండిన ఆడవాళ్లని తలుచుకుంటే జాలేస్తుంది. కట్టెల పొయ్యి ఊదినవాళ్లకి నేను వేరే చెప్పాలా!

హాలుకి రెండు వైపులా మాత్రం పైనా కిందా గదులుంటాయి. ఈ రకం ఇళ్లలో ఒక చివర రొట్టెలూ సరుకులూ పెట్టుకునే గది, పీపాలు పెట్టుకునే గది ఉండేవి. రెండో చివర ఇంటివాళ్ల సొంత గది, దాని పైన పడకగది.

ఇక గోడల సంగతి. ఇంటి బరువంతా ఓక్ చెక్క నిట్రాళ్లూ దూలాలే మోస్తాయి. వాటిని ఒకదానిలో ఒకటి దూర్చి చెక్క మేకులతో బిగించారు. మధ్య ఖాళీల్లో తడిక అల్లి, మట్టీ గడ్డీ పేడా కలిపి మెత్తేవారు. దాని మీద సున్నం. చదువుతుంటే మన పాత ఇళ్లే గుర్తొస్తున్నాయి కదూ!

నేల మరీ చిత్రం. సుద్దని దిమ్మిసతో గట్టిగా కొట్టి, దాని మీద పులిసిన పాలు పోశారు! పాలలో కేసిన్ అనే మాంసకృత్తు ఉంటుంది. అది సున్నపు గుణం ఉన్నవాటితో కలిస్తే జిగురులా పట్టేస్తుంది. అందుకే నేల ఇసుకలా రాలకుండా గట్టిపడింది. మనం పేడతో అలికితే వాళ్లు విరిగిన పాలతో అలికారు. ఇల్లాలి బుర్ర ఎక్కడైనా ఒకటే.

ఇంత ఇల్లూ 1880ల్లో నేలమట్టం కావాల్సింది. పాడుపడిపోయింది, పడగొట్టేద్దాం అనుకున్నారు. అప్పుడు అందులో అద్దెకుంటున్న ఒక ముసలావిడ, నేను పోయేదాకా ఉండనివ్వండి అని బతిమాలిందట. సరేనన్నారు. ఆవిడ 1888లో కన్నుమూసింది. ఆ తర్వాత ఊరి చర్చి గురువు పాత కట్టడాల రక్షణ సంఘాన్ని ఆశ్రయించాడు. విలియం మోరిస్ 1877లో పెట్టిన సంఘం అది. చివరికి 1896లో నేషనల్ ట్రస్ట్ ఆ ఇంటిని పది పౌండ్లకి కొనేసింది. అంతకుముందు ఏడాదే పుట్టిన సంస్థ, అది కొన్న మొట్టమొదటి కట్టడం ఇదే. ఆ సంస్థని స్థాపించిన ముగ్గురిలో ఒకరు ఆక్టేవియా హిల్ అనే ఆడమనిషి. ఈ ఇంటి బాగుచేతకి చందాలు కావాలని అడిగినవారిలో ఆవిడ ముందున్నారు. కోటలూ మేడలూ వదిలేసి, కూలిపోయే గడ్డి ఇంటిని ఎంచుకున్నారు చూడండి!

ఇప్పుడు ఇది రక్షిత కట్టడాల జాబితాలో ఉంది. ఆ దేశంలో 1947 నాటి చట్టంతో ఈ జాబితా మొదలైంది. పేరు ఎక్కిందంటే మార్పులు చేయడానికి అనుమతి తీసుకోవాల్సిందే, లేకపోతే నేరం. మామూలు సంసారులు కాపురముండే పల్లె ఇళ్లూ ఇందులో బోలెడు. పాత కిటికీ తీసి ప్లాస్టిక్‌ది పెట్టుకుందామన్నా ఆఫీసుకి అర్జీ పెట్టుకోవాలి. ఇల్లాళ్లకి విసుగే మరి, కాదనను. కానీ ఒక విషయంలో ఆ ఆఫీసువాళ్ల పక్షమే నాది. సిమెంటు సంగతిలో.

కిందటి శతాబ్దంలో అక్కడ చాలా పాత ఇళ్లకి, గట్టిగా ఉంటుంది కదా అని సిమెంటు పూశారు. చెక్క ఎండకీ వానకీ కాస్త కదులుతుంది. సిమెంటు కదలదు, సన్నగా బీటలిస్తుంది. ఆ బీటల్లోంచి నీళ్లు దిగుతాయి, మళ్లీ ఆరే దారి ఉండదు. పైకి గోడ నున్నగానే ఉంటుంది, లోపల వందల ఏళ్ల ఓక్ దూలం కుళ్లిపోతుంది. సున్నమైతే తడి పీల్చుకుని మళ్లీ గాలికి వదిలేస్తుంది. ఇప్పుడు ఆ సిమెంటంతా జాగ్రత్తగా గీకించి మళ్లీ సున్నం పూయిస్తున్నారు, సిమెంటు పూతకి అయినదానికన్నా ఎక్కువ ఖర్చు పెట్టి.

అమ్మమ్మల నాటి సున్నపు గోడల ఇల్లు మీకింకా ఉంటే, చెమ్మ కనబడిందని మేస్త్రి సిమెంటు పూసేస్తానంటే తొందరపడకండి. ముందు ఆ నీరు ఎక్కణ్నుంచి వస్తోందో చూడమనండి. చూరు కారుతోందా, గోడ మొదట్లో మురుగు నిలుస్తోందా. అది బాగుచేయించాకే పూత మాట.