కండ ఉంటే చాలు, చదువెందుకు?

మన దగ్గర ఆటో తోలాలంటే లైసెన్సు కావాలి. మందుల షాపు తెరవాలంటే ఫార్మసిస్టు సర్టిఫికెట్టు గోడకు వేలాడాలి. గుండెలో రెండు స్టెంట్లున్న యాభై అయిదేళ్ల మనిషిని బెంచీ మీద వెల్లకిలా పడుకోబెట్టి, గుండెల మీదికి ఇనుము దించి, "ఇంకో రెండు కొట్టండి సార్, వచ్చేస్తాయి" అని అరవడానికి మాత్రం ఏ కాగితమూ అక్కర్లేదు. బిగుతు టీషర్టు, అందులోంచి పొంగే జబ్బలు ఉంటే ఉద్యోగం వచ్చినట్టే. కేంద్ర నైపుణ్య మండలి ఫిట్‌నెస్ ట్రైనర్లకు ఒక కోర్సు పెట్టింది, నిజమే. అది చదవనివాడు జిమ్ములో నిలబడకూడదని చెప్పే చట్టం మాత్రం లేదు.

చదువు సంగతి ఎత్తితే చాలు, చొక్కా చేయి పైకి మడుస్తారు. "నా బాడీ చూడండి సార్, ఇదే నా సర్టిఫికెట్."

చూశాను. బాగుంది. ఇరవై రెండేళ్ల వయసు, పెళ్లాం పిల్లల బాధ్యత లేదు, రోజుకు మూడు గంటలు జిమ్ములోనే కాపురం, పైగా అమ్మానాన్నల నుంచి వచ్చిన ఎముకల పొందిక. సిరంజిలోంచి ఏమైనా వచ్చిందా అని నేను అడగను, ఆయన చెప్పడు. ఆ ఒంటికి ఏది పనికొచ్చిందో ఆ ఒళ్లు చెబుతుంది. నలభై ఎనిమిదేళ్ల షుగర్ పేషెంటు గురించీ, ఆరు నెలల కిందట సిజేరియన్ అయిన తల్లి గురించీ దానికేం తెలుసు? గుండె గట్టిగా ఉన్నవాడల్లా గుండె డాక్టరు అయిపోతాడా?

మొదట చిల్లర తప్పులు చూద్దాం. "సైడ్ ఫ్యాట్ పోవాలంటే సైడ్ బెండ్స్ చెయ్యండి మేడమ్." పొట్ట కరగాలంటే క్రంచెస్. ఏ కండరం పనిచేస్తే దాని మీది కొవ్వే కరుగుతుందన్న ఈ నమ్మకం ఒట్టి భ్రమ. కొవ్వు కణంలోంచి విడుదలైన కొవ్వు ఆమ్లాలు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతాయి. పక్కనే పనిచేస్తున్న కండరానికి వాటి మీద ప్రత్యేక హక్కేమీ లేదు. 1971లోనే టెన్నిస్ ఆటగాళ్ల రెండు చేతులూ కొలిచి చూశారు. ఏళ్ల తరబడి రాకెట్ ఆడించిన చేతి మీద చర్మం కింది కొవ్వు రెండో చేతి కంటే పలచగా ఏం లేదు. యాభై ఏళ్లు దాటినా ఆ కబురు మన జిమ్ముల మెట్లెక్కలేదు.

పోయిన కొవ్వు ఎటు పోతుందని అడగండి. చెమటలో అంటారు, కండగా మారుతుంది అంటారు, శక్తి అయిపోతుంది అంటారు. పది కిలోల కొవ్వు ఖర్చయితే అందులో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ముక్కులోంచి పోతుంది, మిగతా 1.6 కిలోలు నీరవుతుంది. ఈ లెక్క 2014లో ఆస్ట్రేలియాకు చెందిన ఇద్దరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వేశారు. వాళ్లే 150 మంది డాక్టర్లను, డైటీషియన్లను, ట్రైనర్లను ఇదే ప్రశ్న అడిగితే ఎక్కువమంది తప్పు చెప్పారు. డాక్టర్లు కూడా బోల్తా పడ్డారని సంబరపడక్కర్లేదు. డాక్టరు ఆ తప్పు మీద నెల ఫీజు వసూలు చెయ్యడు. జిమ్ములో ప్లాస్టిక్ సూటు తొడిగి, చెమటలు కక్కించి, తూకం యంత్రం మీద కిలో తగ్గిందని చూపిస్తారు. ఇంటికెళ్లి రెండు చెంబుల నీళ్లు తాగితే ఆ కిలో తిరిగొచ్చేస్తుంది. ఫీజు రాదు.

లాక్టిక్ యాసిడ్ కథా అంతే. మొన్న స్క్వాట్లు చేసి ఇవాళ మెట్లు దిగలేకపోతుంటే "లాక్టిక్ యాసిడ్ పేరుకుంది సార్, మంచిదే" అంటారు. వ్యాయామం ఆపిన గంటసేపట్లో రక్తంలోని లాక్టేట్ దాదాపు మామూలు స్థితికి వస్తుంది. గుండె, కాలేయం, తీరిగ్గా ఉన్న కండరాలు దాన్ని వాడేసుకుంటాయి. మర్నాడు, ఎల్లుండి పీక్కుతినే నొప్పి వేరు. బరువు దించేటప్పుడు సాగుతూనే పనిచేసిన కండర పోగులకు తగిలిన సన్నటి గాయాలవల్ల, ఆ తర్వాతి వాపువల్ల వచ్చేదది. ఈ తేడా తెలిస్తే ఏమవుతుందంటారా? నొప్పిని పతకంలా చూడడం ఆగుతుంది. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతోంది గనక చెబుతున్నాను.

కొత్త సంవత్సరం ఆఫరు. ఏడాది ఫీజు కడితే మూడు నెలలు ఉచితం. జనవరి మొదటి వారంలో పొట్టలేసుకుని వచ్చిన కొత్తవాళ్ల మీద మన ట్రైనరు మొదటి రోజే ప్రతాపం చూపిస్తాడు. కస్టమరు నడవలేక ఇంటికి పోతేనే "మంచి వర్కవుట్ చేయించాడు" అంటారని అతనికి ఎవరో నూరిపోశారు. 1993లో అమెరికాలో గుండెపోటు వచ్చిన 1,228 మందిని అడిగి లెక్క తీశారు. బరువైన శ్రమ చేసిన గంటలోపు గుండెపోటు ముప్పు ఎంత పెరుగుతుందన్నది ప్రశ్న. వారానికి అయిదారు రోజులు కష్టపడే అలవాటున్నవాళ్లలో సుమారు రెండున్నర రెట్లు. ఒళ్లు వంచడం అసలే అలవాటు లేనివాళ్లలో 107 రెట్లు. నూట ఏడు! మందూ అదే, విషమూ అదే. మోతాదు తెలియనివాడి చేతిలో సీసా పెట్టాం. ఆ ముప్పు చిన్నదిగా ఉండాలంటే వారాల తరబడి మెల్లగా పెంచుకుంటూ పోవాలి. ఆ మెల్లగా పెంచడమే ట్రైనరు విద్య. అరుపులు ఎవరైనా అరుస్తారు.

2021 అక్టోబర్ 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే గుండె ఆగి చనిపోయినప్పుడు జిమ్ములంటే జనం హడలిపోయారు. కొందరు మానేశారు. కొందరు పరుగున పోయి ఈసీజీ తీయించుకుని, అది బాగుందనగానే మళ్లీ వంద కిలోల కిందికి దూరారు. కదలకుండా పడుకుని తీయించుకున్న ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన గుండె రక్తనాళాల్లో పూడిక లేదని అర్థం కాదు. అది చెప్పవలసిన మనిషి పక్కనే నిలబడి "రిపోర్టు క్లియర్ అన్నా, కుమ్మేద్దాం" అంటున్నాడు.

ఇంకో సంగతి. ఎప్పుడూ గుంజీలు తీయనివాడితో ఒక్కరోజులో రెండొందలు తీయిస్తే కండర కణాలు పగిలి, వాటిలోని మయోగ్లోబిన్ రక్తంలోకి చేరి మూత్రపిండాల మీద పడుతుంది. మర్నాడు మూత్రం కోలా రంగులో వస్తుంది. అది ఆసుపత్రికి పరిగెత్తాల్సిన ఘడియ. ఎన్ని జిమ్ముల్లో ఈ మాట కొత్తవాళ్లకు ముందుగా చెబుతున్నారు?

అసలు లోపలికి వచ్చేవాళ్లెవరో చూడండి. ఐసీఎంఆర్ 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరుంది, 31 కోట్ల మందికి పైగా బీపీ ఉంది. దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు మిగతా ప్రపంచం కంటే సుమారు అయిదారేళ్ల ముందే వస్తుందని ఇంటర్‌హార్ట్ అధ్యయనం తేల్చింది. మరి జిమ్ములో చేరేటప్పుడు నింపించే ఫారంలో ఏముంటుంది? పేరు, ఫోను నంబరు, ఇన్‌స్టాగ్రామ్ ఐడీ. "ఏ మాత్రలు వేసుకుంటున్నారు?" అన్న గడి ఉండదు.

ఆ ఒక్క గడి లేకపోతే ఏం జరుగుతుందో చెబుతాను. బీపీకి మెటోప్రొలాల్ వేసుకునే అంకుల్ వచ్చారు. ట్రైనరు 220లోంచి వయసు తీసేశాడు, 165. అందులో ఎనభై శాతం 132. "అంకుల్, 132 కొట్టాలి." ఆ మాత్ర చేసే పనే గుండె వేగాన్ని పట్టి ఉంచడం. గుండె వేగం 110 దాటి పెరగలేదు. ఇతను ట్రెడ్‌మిల్ వేగం పెంచుతూ పోయాడు. ఆ 220 సూత్రమైనా వేదవాక్కా? 1970 ప్రాంతంలో ఫాక్స్, హాస్కెల్ అనే ఇద్దరు అమెరికన్లు అప్పటికి దొరికిన కొద్దిపాటి సమాచారం మీద వేసిన ఉజ్జాయింపు. ఒకే వయసు వాళ్లలోనే పది పన్నెండు అటూ ఇటూ అవడం మామూలు. మాత్ర వేసుకునే మనిషికి దానితో పనే లేదు. నడుస్తూ మాట్లాడగలుగుతున్నారా, మాట తడబడుతోందా అన్నదే కొలత. అది కనిపెట్టాలంటే ఫోనులోంచి తలెత్తి మనిషి ముఖం చూడాలి.

షుగరుకు గ్లిమెపిరైడ్ వేసుకుని, "ఖాళీ కడుపుతో చేస్తే ఫ్యాట్ కరుగుతుంది" అన్న సలహా విని పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చిన ఆవిడకు కళ్లు తిరిగితే "స్టామినా లేదు" అంటారు. చక్కెర పడిపోయింది తల్లీ, స్టామినా కాదు! పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోంచి గ్లూకోజును లాక్కుంటుంది. ఈ ఒక్క విషయం అర్థమైన ట్రైనరు షుగరు మనిషికి ఎంత మేలు చెయ్యగలడు! ఎప్పుడు తినాలో చెబుతాడు, జేబులో చక్కెర బిళ్ల ఉంచుకోమంటాడు, డాక్టరుతో మందు మోతాదు మాట్లాడుకోమంటాడు. అర్థం కానివాడు అదే విషయంతో ఆమెను నేల మీద పడేస్తాడు.

ఊపిరి సంగతి మరీ ఘోరం. 1985లో కెనడా పరిశోధకులు బాడీబిల్డర్ల చేతి ధమనిలోకే గొట్టం దించి, కాళ్లతో బరువు నెట్టేటప్పుడు రక్తపోటు కొలిచారు. సగటున 320/250 వచ్చింది. ఒకరికి 480/350 దాటింది. అంత బరువుకు ఊపిరి బిగబట్టడం కూడా తోడైతే జరిగేదిది. కుర్ర ఒళ్లు, అదీ ఏళ్లుగా అలవాటైన ఒళ్లు, తట్టుకుంది. బీపీ అంకుల్‌కు లెగ్ ప్రెస్ మీద పళ్లు బిగించమని చెప్పేవాడికి ఈ అంకెలు కళ్ల ముందు ఆడాలి.

కీళ్ల దగ్గరికొస్తే మంత్రాలే తప్ప అర్థాలు లేవు. "మోకాలు కాలివేళ్లు దాటకూడదు" అన్నది అలాంటి మంత్రం. 2003లో కొలిచి చూస్తే, మోకాలిని బలవంతంగా ఆపి చేసిన స్క్వాట్‌లో మోకాలి మీది మెలి భారం కొంత తగ్గింది, తుంటి మీది భారం మాత్రం పదింతలైంది. అంటే మోకాలిని కాపాడామనుకుని మూటను నడుం వైపు నెట్టారు. పొడవాటి తొడ ఎముక ఉన్నవాడికి మోకాలు ముందుకు రాక తప్పదు. మన అమ్మమ్మలు ముంగాళ్ల మీద కూర్చునే అంట్లు తోమారు, వాళ్ల మోకాళ్లు వేళ్లు దాటాయో లేదో ఎవరూ స్కేలు పెట్టి చూడలేదు. భుజమైతే సాసరు అంచున నిలబెట్టిన నిమ్మకాయ. గూడు లోతు తక్కువ, బంతి పెద్దది. దాన్ని జారకుండా పట్టుకునేవి రొటేటర్ కఫ్ అనే నాలుగు చిన్న కండరాలు. చేతిని లోపలికి తిప్పి భుజం ఎత్తు దాటించి బరువు లేపితే పై ఎముక కింద స్నాయువు పోయే సందు ఇరుకవుతుంది. నొప్పి అన్నవాడితో "వార్మప్ సరిపోలేదు, ఇంకో సెట్ వెయ్యి" అంటారు.

ఆడవాళ్లకు గులాబీ రంగు రెండు కిలోల డంబెల్సే చేతిలో పెడతారు, బరువులెత్తితే మగరాయుళ్లవుతారట. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు ఎత్తుల్లో కలిపి 240 కిలోలు లేపి కాంస్యం తెచ్చిన తెలుగు నేల మీద ఇంకా ఈ మాట వినాల్సి రావడం సిగ్గు.

ఇక సూదులు. ఆపరేషన్ బల్ల మీద రక్తపోటు పడిపోయిన రోగికి ఇచ్చే మెఫెంటర్‌మైన్ ఇంజెక్షన్లను జిమ్ముకెళ్లే కుర్రాళ్లకు అమ్ముతుండగా హైదరాబాద్‌లో పోలీసులు, ఔషధ నియంత్రణ అధికారులు పలుమార్లు పట్టుకున్నారు. గుండె వేగాన్నీ రక్తపోటునూ ఎగదోసే మందును, అవి రెండూ ఎలాగూ ఎగబాకే చోట పొడుచుకోవడం! ఆ మందు ఎక్కడ ఏం చేస్తుందో చెప్పగలిగే పెద్దమనిషి ఒక్కడు ఆ గదిలో ఉండుంటే కొందరైనా ఆగేవాళ్లు.

"పాత తాలింఖానా గురువులు అనాటమీ చదివారా?" అని నన్ను నిలదీసేవాళ్లకు ఒక పేరు చెబుతాను. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న మనిషి. ఆయన మద్రాసు సైదాపేటకు వెళ్లి వ్యాయామ శిక్షణ చదివి, సర్టిఫికెట్టు తెచ్చుకుని విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరారు. కలియుగ భీముడికే చదువు అవసరమైంది. మీ జబ్బకు అక్కర్లేదా?

చదివినవాళ్లు దొరకరన్నది యజమానుల మరో సాకు. దొరకకపోవడమేం? పీఈసెట్ రాసి, మైదానంలో పరుగెత్తి సీటు తెచ్చుకుని, బీపీఎడ్‌లో శరీర నిర్మాణమూ శరీర ధర్మశాస్త్రమూ పాఠంగా చదివి, డీఎస్సీ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూస్తూ వయసు దాటిపోతున్న పిల్లలు రెండు రాష్ట్రాల్లో ప్రతి మండలంలో ఉన్నారు. వాళ్లు ఇంటర్వ్యూకి వస్తే యజమాని మార్కుల జాబితా చూడడు, ఛాతీ చుట్టుకొలత చూస్తాడు. వాళ్లలో ఒకడిని పెట్టుకున్నా జీతం ఎంత? పర్సనల్ ట్రైనింగ్ పేరుతో కస్టమరు దగ్గర వేలు గుంజి, అందులో కుర్రాడి చేతికి చిల్లర విదిలిస్తారు. ఆ కుర్రాడు బతకడానికి ప్రోటీన్ డబ్బాలు అమ్ముతాడు. జబ్బలు చూపి చేరిన ట్రైనరు మీదా నా కోపం సగమే. అతనికి ఎవరూ నేర్పలేదు, నేర్చుకుంటే ఒక్క రూపాయి ఎక్కువ వస్తుందని ఎవరూ చూపించలేదు. శనాదివారాల కోర్సులో కండరాల లాటిన్ పేర్లు బట్టీ పట్టించి ఫోటో దిగి పంపేవాళ్లు మాత్రం బోలెడుమంది.

కాబట్టి ప్రభుత్వాలు చేయాల్సింది పెద్ద యాగమేమీ కాదు. ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడే షరతు పెట్టండి. ప్రతి షిఫ్టులో శరీర ధర్మశాస్త్రం పరీక్ష పాసైన ఒక్క మనిషైనా నేల మీద ఉండాలి. అతని పేరు, చదువు రిసెప్షన్‌లో రాసి ఉండాలి. ఛాతీ నొక్కి ఊపిరి పోయడం, ఆగిన గుండెకు షాకిచ్చే ఏఈడీ యంత్రం వాడడం అందరికీ వచ్చి ఉండాలి. చేరేవాళ్ల ఫారంలో మాత్రల గడి ఉండాలి, దాన్ని చదివే కళ్లుండాలి. ఇలా చేస్తే ఫీజులు పెరుగుతాయని యజమానుల సంఘాలు గగ్గోలు పెడతాయి. నియాన్ దీపాలకు, ఇటలీ యంత్రాలకు, హీరో బొమ్మ వేసిన నిలువెత్తు హోర్డింగుకు ఫీజు పెరిగినప్పుడు ఎవరూ గగ్గోలు పెట్టలేదు. ముందు ఆ హోర్డింగు దింపి, దాని అద్దె ఒక బీపీఎడ్ పిల్ల జీతంలో కలపండి, తర్వాత ఫీజు సంగతి మాట్లాడదాం.