చందా లెక్క అడిగే ఊరు పన్ను లెక్క అడగదా?

వినాయక చవితి పందిరికి ఇచ్చిన నూరు రూపాయల చందాకు కమిటీని లెక్క అడగకుండా వదులుతామా? మరి ఇంటిపన్ను, నీటిపన్ను కట్టి రసీదు జేబులో పెట్టుకున్నాక ఆ డబ్బు ఏమైందని ఎంతమందిమి అడుగుతున్నాం?

అడగడం మన చీరాల మట్టికి కొత్తకాదు. సర్కారు 1919లో చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేసింది. యూనియన్‌గా ఉన్నప్పుడు ఏటా సుమారు రూ.4,000 ఉన్న పన్ను రూ.40,000కు పెరిగింది. నేతగాళ్లు, రైతులు మొరపెట్టుకున్నారు, పన్ను కట్టం అన్నారు. జైలుకెళ్లినవాళ్లలో ఒక స్త్రీ కూడా ఉంది. 1921 ఏప్రిల్‌లో గాంధీగారు వచ్చి వెళ్లాక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట వేలమంది ఇళ్లు వదిలి ఊరిబయట పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామనగర్ అని పేరు పెట్టారు. గోపాలకృష్ణయ్య స్వచ్ఛంద దళం రామదండు కాపలా కాసింది, ప్రతి కులం నుంచీ ప్రతినిధులు కూర్చుని తగవులు తీర్చారు. ఎండకూ వానకూ ఓర్చి పదకొండు నెలలు నిలిచారు. గోపాలకృష్ణయ్య జైలు పాలయ్యాడు. చివరికి జనం తిరిగొచ్చారు, మునిసిపాలిటీ ఉండిపోయింది.

రాముడి పేరుతో ఊరు నడిపిన మనవాళ్లలాగే భక్తినీ పాలననూ ఒక్కచోట కూర్చోబెట్టిన వాళ్లు పూర్వం గ్రీసులోనూ ఉన్నారు. క్రీస్తుపూర్వం 508 ప్రాంతంలో క్లైస్థెనీస్ అనే నాయకుడు ఏథెన్స్ రాజ్యాన్ని సుమారు 140 పేటలుగా, పల్లెలుగా ఏర్పరిచాడు. వాటిని డీములు అనేవారు. ప్రతి డీముకూ ఒక పెద్ద, ఒక సభ, తనవైన దేవతలు, తనదైన బొక్కసం. కొలుపు ఖర్చు తేల్చిన సభే పదవి దిగే పెద్దను లెక్కచెప్పమని నిలదీసేది. ఆడవాళ్లకూ బానిసలకూ అందులో చోటులేదు, అది వాళ్ల పాపం. మనకు ఆ అడ్డు లేదు. మనందరికీ ఓటుంది.

ఆనాటివాళ్లు వద్దన్నది తమను అడగకుండా నెత్తిన రుద్దిన మునిసిపాలిటీని. ఇవాళ్టి కౌన్సిల్‌ను ఎన్నుకునేది మనమే. అయినా మన గడప ముందు మురుగు నిలిస్తే తప్ప కదలం. పక్కవీధి మగ్గం గుంటలోకి నీళ్లొస్తే అది వాళ్ల గోల అనుకుంటాం. ఓటుకు నోటు తీసుకున్న చేతిని ఎత్తి ప్రశ్న వేయడానికి మొహం చెల్లడం లేదు. ఈ తప్పు ఏ ఒక్కరిదీ కాదు, ఊరందరిదీ.

కాబట్టి వచ్చే బడ్జెట్‌కు ముందే ప్రతి వార్డూ ఒకసారి కూర్చోవాలి. గుడి మండపమైనా సరే, మసీదు వాకిలైనా, చర్చి ఆవరణైనా సరే. మన వార్డుకు ఎంతిచ్చారు, ఎక్కడ ఖర్చుపెట్టారని కౌన్సిలర్‌ను మర్యాదగానే అడుగుదాం. మన ఇంటి పని కోసం కాదు, వీధి కోసం అడుగుదాం. పదిమందే వచ్చినా సభ జరగనివ్వండి.