గృహనిర్మాణము: విద్యుత్పటమున జరుగు గుర్తులు

క్రొత్తయిల్లు కట్టించుకొనుచున్న యొక సోదరి మాకిట్లు వ్రాసినారు: “వంటయింటి పటమున ఫ్రిజ్జు ప్లగ్గు గుర్తున్నచోటనే పనివాడు గోడ తొలిచి పెట్టె బిగించెను. ఇప్పుడు చూడగా నది తలుపురెక్క చాటున బడినది. తప్పు పటము గీచినవారిదా, పనివానిదా?” వారు పంపిన పటమును జూచితిమి. పెట్టె యుండవలసిన చోటునుండి గుర్తు గోడవెంబడి 40 సెంటీమీటర్లు ప్రక్కకు జరుపబడియున్నది. ఏల జరిపిరో పటమున వ్రాయలేదు. పనివాడు గుర్తునే నమ్మెను.

గుర్తును జరుపుట మాత్రము తప్పుకాదు. ప్లగ్గుపెట్టె వెడల్పు సుమారు 75 మిల్లీమీటర్లనుకొందము. నూటికొకటి వంతున గీచిన పటమున నది ముక్కాలు మిల్లీమీటరే యగును, కంటికానదు. అందుచే 4 మిల్లీమీటర్ల గుర్తు వేయుదురు. గోడ లెక్కన నది 40 సెంటీమీటర్లు. ఇక వంటయింటి మూలను తలచుకొనుడు. క్రింద ఫ్రిజ్జు ప్లగ్గు, గట్టుపైన మిక్సీ ప్లగ్గు, ఆపైన పొగలాగు ఫ్యానునకు మఱియొకటి. గోడమీద నవి యొకదానిపై నొకటి హాయిగా నుండును. పైనుండి చూచినట్లు గీచు పటమునందో, మూడును ఒకే చుక్కపై బడి అలుకుకొనిపోవును. కావున రెండింటిని ప్రక్కకు దీయక తప్పదు.

నేడీ పటములను గీచు సాఫ్ట్‌వేరులలో రెవిట్ మిక్కిలి ప్రసిద్ధము. అది 2000 సంవత్సరమున అమెరికాలోని మాసచుసెట్సున వెలువడి, 2002లో ఆటోడెస్క్ సంస్థ వశమైనది. అందు కిటికీ మొదలు ప్లగ్గువరకు ప్రతి వస్తువర్గమునకును ‘ఫ్యామిలీ’ యని పేరు. మన పత్రికకు దగిన పేరే! గోడకంటియున్న పెట్టె వేఱు, దానిలో నిమిడ్చిన కాగితపు గుర్తు వేఱు. నేర్పరియైనవాడు కంటికి గనబడని యొక గీతకు గుర్తును గట్టి, ఆ గీతకును పెట్టెకును నడుమ దూరమునకొక పేరుపెట్టి, అంకెను మాత్రము ఖాళీగా విడుచును. పిమ్మట అంకె మార్చినంతనే గుర్తు జరుగును. పెట్టె మాత్రము కదలదు.

ఇందొక మెలకువ యున్నది. ఆ దూరమును వర్గమంతటికి గట్టవచ్చును, లేదా ఒక్కొక్క పెట్టెకు విడిగా గట్టవచ్చును. వర్గమంతటికి గట్టినచో వంటయింటిలో నొకగుర్తును జరుపగా పూజగదిలోను, వసారాలోను గల ఆ వర్గపు గుర్తులన్నియు గూడ జరుగును. కావున దూరము పెట్టెపెట్టెకు వేఱుగానుండుటయే మేలు. ప్లగ్గు 6 ఆంపియర్లదా, 16 ఆంపియర్లదా యన్నది వర్గమునకు జెందిన సంగతి.

మఱియొక చిక్కు. గుర్తు పరిమాణము కాగితపు లెక్క. జరిపిన దూరము గోడ లెక్క. పటమును నూటికొకటి నుండి యేబదికొకటికి మార్చినచో గుర్తు 4 మిల్లీమీటర్లుగానే యుండును, జరిపిన 40 సెంటీమీటర్లు మాత్రము కాగితముపై 4 మిల్లీమీటర్లకు మాఱు 8 అగును. అప్పుడు గుర్తు తన పెట్టెకు దూరమై అనాథవలె నిలుచును. కొలత మార్చిన ప్రతిసారియు గుర్తులను సరిచూడవలయును. తొందరలో దీనిని మఱచువారే యెక్కువ.

మా యభిప్రాయమున గుర్తును గోడవెంబడి జరుపరాదు, గోడకు లంబముగా గదిలోనికి జరుపవలయును. గదినడుమ నున్న గుర్తును జూచి యేపనివాడును నేల త్రవ్వడు గదా! అసలు చోటికొక సన్నగీతయు గీయవలయును. ప్రక్కన ఎత్తును వ్రాయవలయును; ఆ యంకెను చేతితో వ్రాయక పెట్టెనుండియే చదువునట్లు చేసినచో పెట్టె యెత్తు మారినపుడు వ్రాతయు దానంతట మారును.

పటము చేతికి వచ్చినపుడు సోదరీమణులు గుర్తులపట్టికను ముందుగా నడిగి చూడవలయును. అంతర్జాతీయ నియమముననుసరించిన పటమున దీపమునకు వలయములో నడ్డముగా రెండు గీతలుండును. అమెరికా పద్ధతిలో స్విచ్చికి ఇంగ్లీషు ‘ఎస్’ అక్షరము వ్రాయుదురు. పిదప వంటయింటి గోడలను ఎదుటనుండి చూచినట్లు గీచిన పటమునుగూడ కోరుడు. అందు పెట్టెలు తమతమ నిజమగు చోటులనే కనబడును. దానినిబట్టి గోడపై సుద్దతో గుర్తులు పెట్టించి, ఫ్రిజ్జు తలుపు ఎటు తెఱచుకొనునో, మిక్సీ తీగ యెంతదూరము వచ్చునో కొలిచిన తరువాతనే గాడి కొట్టింపుడు.

ఉత్తరము వ్రాసిన సోదరికి: మీ గోడకింకను పూత కాలేదు గనుక పెట్టెను సరియైన చోటికి మార్పింపవచ్చును. తీగలింకను లాగలేదంటిరి, పాతగుంటను సిమెంటుతో బూడ్పింపుడు. తీగలు లాగినపిదప నెన్నడైన నిట్టి మార్పు వచ్చినచో, అతుకులున్న పెట్టెను పూతక్రింద కప్పనీయక, విప్పి చూచుటకు వీలుగా మూతబిళ్ల బిగింపుమని చెప్పవలయును.