అతుకుల చెక్క అని చిన్నచూపు వద్దు

మేము చదివింది అరవ బడిలో. తెలుగు ఇంట్లో నేర్చిందే. రాతలో తప్పులుంటే మన్నించండి, కానీ చివరిదాకా చదవండి.

పోయిన మీటింగులో ఉగాది బహుమతుల మాట వచ్చింది. ఎప్పటిలాగే బంగారు రంగు ప్లాస్టిక్ షీల్డులే అన్నారు. మన కామసముద్రం ఆచారి ఒకాయన లేత్ మీద చేసిన చెక్క కూజాను మేము చూపించాము. ఒకరు దాన్ని తిప్పి చూసి, "ఇది అతుకులేసిందే కదా, ఒకే దుంగలో తీసింది కాదే" అని పక్కన పెట్టేశారు. ఆ మాట తప్పు అని చెప్పడానికే ఈ రాత.

ఒకే దుంగలో లోతైన కూజా తీస్తే లోపలి చెక్కంతా పొట్టుగా పోతుంది. దుంగ నడిమి భాగం అందులో ఉంటే ఎండే కొద్దీ పగులుతుంది. అతుకుల పని వేరే. 12 చిన్న ముక్కలు తీసుకొని, ప్రతి ముక్క రెండు చివర్లూ 15 డిగ్రీల వాలుగా కోసి, జిగురుతో చుట్టూ అతికితే ఒక వలయం అవుతుంది. 24 కోతలు, 24 పదిహేనులు 360. ఒక్కో కోతలో పావు డిగ్రీ తేడా వచ్చినా మొత్తం 6 డిగ్రీలు. చివరి అతుకు మూసుకోదు. కౌంటరులో క్యాష్ షార్ట్ వస్తే జేబులోంచి కట్టిన వాళ్ళం మేము, ఆ లెక్క విలువ మాకు తెలుసు. వలయాలను ఇటుక గోడ లాగా, జాయింటు మీద జాయింటు రాకుండా పేర్చి, జిగురు బాగా ఆరాకే లేత్ ఎక్కిస్తారు. చెక్క నార కూజా చుట్టూ తిరుగుతుంది. పనికి కావలసింది పెద్ద చెట్టు కాదు, మామిడి, పనస, సిల్వర్ ఓక్ పనుల్లో మిగిలి పొయ్యిలోకి పోయే ముక్కలు.

ఈ విద్య మనకు కొత్త కాదు. మా నాయన లేత్‌ను తరిమెన అనేవాడు, బడిలో ఆ పనిని కడైసల్ అన్నారు. ఆంధ్రాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. తిరిగే కర్రకు రంగు లక్క అదిమితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. మన ఆడపిల్లలు ఆడుకున్న లక్కపిడతలు అలాంటివే. ఆ బొమ్మలకు 2017లో జీఐ గుర్తింపు వచ్చింది, 2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో ఆంధ్రా శకటం వాటిదే. మన కర్ణాటకలో చన్నపట్నం కూడా అదే చెట్టు మీద బతుకుతోంది. తెలుగులో అంకుడు, కన్నడలో ఆలె, అరవంలో వెట్పాలై. చెట్టు ఒకటే. ఇంట్లో తెలుగు, బడిలో అరవం, ఆఫీసులో కన్నడ మాట్లాడే మనం అతుకును తక్కువ చేయడం ఏం న్యాయం?

2001 ఫిబ్రవరి 28న గనులు మూసినప్పటి నుంచి మన పిల్లలకు తెల్లవారుజాము బెంగుళూరు రైలే దిక్కు. ఆచారి కొడుకూ అదే రైలు ఎక్కుతున్నాడు. ఆయన తర్వాత ఆ లేత్ పాత ఇనుములోకి పోతుంది.

మా మనవి ఇది. 20 షీల్డుల బదులు 10 కూజాలే ఇద్దాం. ధర ఎక్కువే, ఒప్పుకుంటాము. అందుకే సంఖ్య తగ్గిద్దాం. చెక్క ఎండాలి, జిగురు ఆరాలి కాబట్టి ఉగాది ముందు వారం పరిగెత్తకుండా ఇప్పుడే అడ్వాన్సు ఇద్దాం. ఆదివారాలు ఇద్దరు పిల్లలను ఆయన దగ్గర కూర్చోబెడదాం. సరిగ్గా అంటని ముక్క తిరిగేటప్పుడు ఎగిరి వస్తుంది, కాబట్టి ముఖానికి షీల్డు, దుమ్ముకు మాస్కు సంఘమే కొనివ్వాలి. బహుమతి అందుకున్న వాళ్ళకు ఒక మాట: ఇది అలంకారానికే, నీళ్ళు పోసి పూలు పెట్టకండి.

వచ్చే మీటింగుకు అదే కూజా మళ్ళీ తెస్తాము. అతుకు ఎక్కడుందో వేలితో తడిమి చెప్పండి. తర్వాత ఓటు వేద్దాం.