నీలిరంగు కేకు, పద్నాలుగేళ్ళ నిద్ర

ఇంట్లో పెద్దవాళ్ళు శ్రావణ శుక్రవారాల హడావుడిలో ఉండే రోజుల్లోనే, అదే ఇంట్లో పుస్తకాల పురుగైన పద్నాలుగేళ్ళ పిల్లకు ఇంకో పండుగల వరస నడుస్తుంటుంది. జులై 31న హ్యారీ పాటర్ పుట్టినరోజు. ఆగస్టు 18న గ్రీకు దేవతల నవలల నాయకుడు పెర్సీ జాక్సన్ పుట్టినరోజు, దానికి నీలిరంగు కేకు. సెప్టెంబరు 1న హాగ్వార్ట్స్ బడికి రైలు బయల్దేరుతుంది. ఈ నెలరోజుల్లో పాత సంపుటాలు మళ్ళీ చదవడం ఉంటుంది. స్నేహితుల్లో ఎవరు ఏ గ్రీకు దేవుడి సంతానమో తేల్చుకునే తగువులు, పాత్రల బొమ్మలు, వేషాలు, రచయిత రాయకుండా వదిలేసిన సన్నివేశాన్ని నోటుబుక్కు వెనక పేజీల్లో పూర్తిచేయడం కూడా ఉంటాయి. తల్లిదండ్రులు మొదటిదాన్నే చదువు కింద జమకడతారు. మిగిలినదంతా కాలక్షేపం, కాస్త కోపంగా ఉన్నప్పుడు పిచ్చి. నాకు మాత్రం ఆ మిగిలినదే చదువులో గట్టి భాగం అనిపిస్తుంది.

నీలిరంగు కేకు సంగతే చూడండి. నీలిరంగు తిండి అనేదే ఉండదని పెర్సీ సవతి తండ్రి ఒకసారి అంటాడు. అప్పట్నుంచి తల్లి పట్టుబట్టి కేకులు, మిఠాయిలు అన్నీ నీలంగా చేస్తుంది. ఆ మొరటువాణ్ణి ఎదిరించడానికి ఆమెకు దొరికిన చిన్న దారి అది. ఆగస్టు 18న పిల్లలు పిండిలో నీలిరంగు కలుపుతున్నారంటే, నవలలోని ఆ అవమానాన్నీ, దానికి వచ్చిన జవాబునూ పట్టుకున్నారన్నమాట. పరీక్షలో తల్లి పాత్రచిత్రణ గురించి అయిదు మార్కుల ప్రశ్న ఇస్తే ఇంత దూరం వచ్చేవాళ్ళు కొద్దిమందే. అసలు ఆ నవలలు పుట్టిందే ఒక పిల్లవాడి పేచీలోంచి. వాటి రచయిత రిక్ రియర్డన్ బడిపంతులుగా ఉన్న రోజుల్లో, చదవడమంటే భయపడే కొడుకుకు రాత్రిపూట గ్రీకు పురాణాలు చెప్పేవాడు. డిస్లెక్సియా, ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లవాడు. పురాణాలు అయిపోయాక వాడు ఊరుకోలేదు, అవే పాత్రలతో కొత్త కథ చెప్పమన్నాడు. అలా వచ్చిన 'లైట్నింగ్ థీఫ్' 2005లో అచ్చయింది. అందులో నాయకుడికీ అవే ఇబ్బందులు ఉంటాయి. కథ ముగిశాక కూడా పాత్రల్ని వదలబుద్ధి కాకపోవడమే అభిమానం. ఆ తండ్రి దాన్ని కాలక్షేపమని కొట్టిపారేసి ఉంటే ఈ పుస్తకాలే ఉండేవి కావు.

ఇదంతా పరాయి మోజు అనేవాళ్ళకు శశిరేఖను గుర్తుచేయాలి. వ్యాసభారతం ఎంత వెతికినా ఆ పిల్ల కనపడదు. అభిమన్యుడికి ఉత్తరతో పెళ్ళి, అంతే. బలరాముడికి ఒక కూతుర్ని ఇచ్చి, ఆమెకు అభిమన్యుడి మీద ప్రేమ పుట్టించి, ఘటోత్కచుణ్ణి మాయా శశిరేఖగా పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టింది ఎవరు? కథ మీద మమకారం ఆపుకోలేని జనం. వాళ్ళ కల్పనే సురభి నాటకాల వేదికలెక్కి, 1957లో 'మాయాబజార్' సినిమా అయింది. ఇవాళ తెలుగువాళ్ళలో చాలామందికి మూలంకన్నా అదే దగ్గర. ఊర్మిళ ఇంకా పెద్ద ఉదాహరణ. పెళ్ళయ్యాక ఆమె గురించి వాల్మీకి దాదాపు మాట్లాడడు. మన ఆడవాళ్ళు ఆ మౌనాన్ని ఒప్పుకోలేదు. మొగుడు అడవికి పోతే ఆమె పద్నాలుగేళ్ళూ నిద్రపోయిందని, తిరిగొచ్చిన లక్ష్మణుణ్ణి పోల్చుకోక పరాయి మగవాడనుకుని గద్దించిందని పాట కట్టుకున్నారు. రోకళ్ళు, తిరగళ్ళు ఆడించిన చేతులవాళ్ళు చేసిన ఈ పనికి ఇప్పటి పిల్లలు ఫ్యాన్ ఫిక్షన్ అని పేరు పెట్టుకున్నారు. వదిలేసిన పాత్రను వెతికి పట్టుకోవాలంటే, ఎక్కడ వదిలేశారో తెలిసేంత శ్రద్ధగా కథ విని ఉండాలి కదా. ఓల్గా 'విముక్త'లో సీతను శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళలతో కలిపి మాట్లాడించింది, ఆ పుస్తకానికి 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పిల్ల రాస్తే పిచ్చి, పెద్దలు రాస్తే పునఃకథనం!

పిల్లలు రాసేది నాసిగా ఉంటుందంటారు. ఉంటుంది, నేర్చుకునేవాళ్ళ రాత అలాగే ఉంటుంది. బట్టలు, మంత్రదండాలు, బొమ్మలు అమ్ముకునే కంపెనీల వలలో పడుతున్నారనే మాటలోనూ నిజం ఉంది. పుస్తకం తెరవకుండా సినిమా చూసి టీ షర్టు కొనుక్కున్న పిల్లవాణ్ణి నేను పాఠకుడిగా లెక్కించను. అయితే పాత చున్నీతో వేషం కట్టడానికీ, కథ రాయడానికీ పైసా ఖర్చు లేదు. ఇలాంటి కథలు దాచే 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్' లాభాపేక్ష లేకుండా స్వచ్ఛందంగా నడుస్తుంది, 2019లో హ్యూగో అవార్డు అందుకుంది. అక్కడ పిల్లల వయసుకు తగనివీ ఉంటాయి గనుక పెద్దలు ఓ కన్నేసి ఉంచాలి, అది వేరే బాధ్యత. ఒకే సిరీస్ పట్టుకు వేలాడతారన్న భయం మాత్రం నాకు అంతగా లేదు. గ్రీకు దేవతల దగ్గర మొదలైన పిల్లలకు రియర్డన్ పేరు మీద నడిచే ముద్రణలోనే 2018లో 'అరూ షా' వచ్చింది. పాండవుల ఆత్మలతో అమెరికాలో పుట్టిన ఆడపిల్లల కథ అది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరిగే తెలుగు పిల్ల ఆ దారిన మహాభారతం దాకా రావచ్చు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే అభ్యంతరం ఒక్కటే: ఈ సంబరంలో తెలుగు ఎక్కడుంది? ఈ పండుగల నెలలోనే, ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతాం. పటానికి దండ, ఉపన్యాసం, తెలుగు గొప్పతనం మీద వ్యాసరచన పోటీ. మన కథల్లోని అల్లరి పిల్లవాడు బుడుగు వేషంలో వచ్చేవాడు అరుదు. తప్పు పిల్లలది కాదు, పాత్రల్ని దండం పెట్టుకోవడానికే తప్ప ఆడుకోవడానికి ఇవ్వని మనది. గిడుగు, గురజాడ విజయనగరంలో కలిసి చదువుకున్న స్నేహితులు. ఆ చనువుతోనైనా ఈసారి వ్యాసం మానేసి ఇంకో పోటీ పెట్టవచ్చు. గురజాడ నాటకం 'కన్యాశుల్కం' చివర బాలవితంతువు బుచ్చమ్మ పూనాలోని విడోస్ హోమ్‌కు పోవలసి ఉంటుంది. అక్కణ్ణుంచి తమ్ముడు వెంకటేశానికి ఆమె ఉత్తరం రాస్తే ఏం రాస్తుంది? తనను లేవదీసుకుపోయిన గిరీశం గురించి అడుగుతుందా, అసలు ఎత్తదా? అగ్రహారపు మాట విడిచి కొత్త మాటలు నేర్చి ఉంటుందా? ఇది రాయాలంటే తొమ్మిదో తరగతి పిల్ల నాటకం మొత్తం చదవక తప్పదు, బుచ్చమ్మ నోటిమాట తీరు పట్టుకోక తప్పదు. అదే నాటకంలోని వేశ్య మధురవాణి తరఫున రాస్తానని ఎవరైనా పేచీ పెడితే, ఆ పిల్లకు బహుమతి ముందే ఇచ్చేయవచ్చు.