మెరుగైన వైద్యం నిమిత్తం

ఉత్తరాంధ్ర పత్రికల జిల్లా పుటలు తిరగేసే అలవాటున్న మిత్రులకు ఒక వాక్యం కంఠతా వచ్చే ఉంటుంది. ఆటో బోల్తా పడినా, పాము కరిచినా, కాన్పు కష్టమైనా వార్త చివర అదే వాక్యం: మెరుగైన వైద్యం నిమిత్తం విశాఖ కేజీహెచ్‌కు తరలించారు. వ్రాసిన విలేకరికీ, చదివిన మనకీ అక్కడితో కథ ముగుస్తుంది. ఆ "మెరుగైన" అన్న విశేషణం ఒక లేమిని ఎంత మర్యాదగా కప్పిపుచ్చుతుందో గమనించారా? అంతకు ముందు ఏదో ఒక వైద్యం జరిగిందన్న భ్రమను అది మనకు కలిగిస్తుంది. చాలాసార్లు జరిగింది తరలింపు మాత్రమే.

కింగ్ జార్జి ఆసుపత్రీ, దానితో ముడిపడిన వైద్య కళాశాలా 1923లో మొదలయ్యాయి. ఆ కళాశాలే 1940లో ఆంధ్ర వైద్య కళాశాల అయింది. నేటి ఆంధ్రప్రదేశ్‌లో దానికన్నా పాత వైద్య కళాశాల లేదు. గుంటూరుకు 1946లో, కాకినాడకు 1958లో వచ్చాయి. శ్రీకాకుళానికి 2008 దాకా, విజయనగరానికి 2023 దాకా, పాడేరుకు 2024 దాకా ప్రభుత్వ వైద్య కళాశాల లేదు. ఇచ్ఛాపురం వాళ్ళు సరిహద్దు దాటి బరంపురం పోతే పోవాలి గానీ, మిగిలినవారందరికీ, ఒడిశాలోని కొరాపుట్, మల్కనగిరి కొండలవారిలో కొందరికి కూడా, ఎనభై ఏళ్ళ పైచిలుకు ఒకటే గుమ్మం. పడకలు వెయ్యికి పైమాటే. మానసిక వైద్యశాల, కంటి ఆసుపత్రి, ఛాతీ ఆసుపత్రి, ఘోషాసుపత్రి ఊళ్ళో తలో దిక్కున ఉన్నా అన్నీ ఆ కళాశాల గొడుగు కిందివే. సిటీ బస్సు ఆగే చోట్లకు సైతం కేజీహెచ్ అప్, కేజీహెచ్ డౌన్ అని పేర్లు స్థిరపడిపోయాయి.

ఇంత పెద్ద సంస్థను చూసి మనవాళ్ళు గర్వపడతారు. పడకలు పెంచారంటే పండగ, కొత్త అంతస్తు లేచిందంటే శిలాఫలకం. నా అభిప్రాయం వేరు. ఒక బోధనాసుపత్రి ఎంత కిక్కిరిసి ఉందో, దాని చుట్టూ ఉన్న వంద కిలోమీటర్ల మేర అంత ఖాళీ ఉన్నట్టు లెక్క.

లోపల పని నడిచే తీరు తెలిస్తే ఈ మాట కటువుగా తోచదు. ఏ విభాగాన్నయినా యూనిట్లుగా విడగొడతారు. ఒక్కో యూనిట్‌కు ఓపీ చూసే రోజులు కొన్ని, అడ్మిషన్ల రోజు ఒకటి. ఆ రోజు ఇరవై నాలుగు గంటల్లో క్యాజువాలిటీ గుమ్మం దాటిన ఆ విభాగపు రోగులందరూ ఆ యూనిట్‌వారే. ప్రైవేటు ఆసుపత్రిలా "పడకలు లేవు" అని చెప్పి పంపే వీలు లేదు. పడక లేకపోతే పడకల మధ్య చాప. ప్రొఫెసరు ప్రొద్దున్నే వచ్చి రౌండ్లు చేస్తాడు. రాత్రి రెండు గంటలకు నిర్ణయం తీసుకునేది మాత్రం రెండో సంవత్సరం పీజీ. రక్తం తీసేది, ఆ సీసాలు పట్టుకుని ప్రయోగశాలకు పరుగెత్తేది, అవసరమైతే స్ట్రెచర్ తోసేది హౌస్ సర్జన్. ఏ పెద్ద బోధనాసుపత్రినైనా నిజంగా మోసేవి ఇరవై మూడేళ్ళ భుజాలే. వాళ్ళు అక్కడికి నేర్చుకోవడానికి వచ్చినవారన్న సంగతి అందరం మరచిపోయాం. నలభైమందిని చూడవలసిన వేళలో నూటయాభైమందిని చూసే కుర్రవాడికి రోగి గుండె చప్పుడు ఓపికగా వినడం ఎవరు నేర్పగలరు?

ఎక్కువమందిని చూస్తేనే చెయ్యి తిరుగుతుందని వైద్య మిత్రులు అంటారు. శస్త్రచికిత్స విషయంలో అది నిజమే, కాదనను. కానీ పాముకాటు సంగతి చూడండి. విషానికి విరుగుడు మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండవలసినదే. ఆ మందు కొందరికి పడక శరీరం ఎదురుతిరుగుతుంది. ఆ ఎదురుదెబ్బను ఆపడానికి ముందు వాడవలసింది అడ్రినలిన్. అదేమీ దొరకని వస్తువు కాదు. అయినా ఆ భయంతోనే మొదటి మోతాదు ఎక్కించకుండా చీటీ వ్రాసి బండి ఎక్కిస్తారు. పాడేరు ఘాట్ దిగి విశాఖ చేరాలంటే వంద కిలోమీటర్ల పైన. దానికి ముందు డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చిన దూరం వేరే. 2005లో 108 బళ్ళు వచ్చాక ప్రయాణం వేగవంతమైంది, సంతోషమే. పంపించేయడం కూడా అంతే సులువైంది.

పెద్దాసుపత్రికి ఖాళీ కావాలి. ఇది విడ్డూరంగా తోచవచ్చు. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడినప్పుడు, తెల్లవారేసరికి వందలమందిని ఊళ్ళోని ఆసుపత్రులకు చేర్చారు, కేజీహెచ్‌కు మరీ ఎక్కువగా. పన్నెండుమంది చనిపోయారు. అటువంటి తెల్లవారుజామున అందుకోవడానికి సిద్ధంగా ఉండటమే అటువంటి సంస్థ అసలు పని. మామూలు జ్వరాలతోనూ సాధారణ కాన్పులతోనూ రోజూ అంచులదాకా నిండిపోయే పాత్రలో ఆ రోజున ఇంకేం పడుతుంది?

ఉద్దానం చెప్పే పాఠం కూడా ఇదే. మూత్రపిండాలు పాడైనవాడికి వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు డయాలసిస్ కావాలి. అతడు సుమారు 200 కిలోమీటర్లు విశాఖకు వచ్చి పోతూ ఉంటే ఇక బతుకంతా ప్రయాణమే. సోంపేట, పలాసల్లో యంత్రాలు పెట్టాక, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచాక ఆ బాధ తగ్గే దారి ఏర్పడింది. జబ్బుకు కారణం ఇప్పటికీ తేలలేదు. ఆ పరిశోధన పెద్ద సంస్థలు చేయవలసిన పని. వారం వారం రక్తం శుద్ధి చేయడం పలాసలో జరగవలసిన పని.

కొత్త కళాశాలల మీద నాకు ఆశ ఉంది, అనుమానమూ ఉంది. జిల్లా ఆసుపత్రి బోర్డు మార్చి బోధనాసుపత్రి అని వ్రాస్తే పొద్దుటికల్లా బోధన మొదలవదు. సీట్ల సంఖ్య పత్రికల్లో పెద్దక్షరాలతో వస్తుంది. మత్తు డాక్టరు ఎంతమంది, రాత్రిపూట రక్తనిధిలో ఎవరుంటారు అన్నది ఎవరూ అడగరు. పాడేరులో రాత్రి వేళ ఒక సిజేరియన్ భయం లేకుండా జరిగిన రోజున అక్కడ కళాశాల ఉందని నేను ఒప్పుకుంటాను, యాభై సీట్లు నిండిన రోజున కాదు.

2021 తరువాత చేరిన పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పని చేయాలన్న నియమం ఒకటి వచ్చింది. ఈ మధ్య వచ్చిన నియమాల్లో నాకు నచ్చింది ఇదొక్కటే. యూనిట్‌లో మనిషి తగ్గాడని గొణిగేవారు ఉంటారు. గొణగనివ్వండి. చీటీ అందుకునే చేతికి, ఆ చీటీ ఏ గదిలో, ఏ మందులు నిండుకున్నప్పుడు వ్రాస్తారో కూడా తెలియాలి కదా.

ఇక ఎవరూ పట్టించుకోని మరో చీటీ ఉంది, తిరుగు చీటీ. కోలుకున్న రోగి చేతిలో డిశ్చార్జి కాగితం పెడతారు. అది ఇంగ్లీషులో ఉంటుంది, సగం పొడి అక్షరాలు. దాన్ని అతడు మడిచి ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని ఊరికి పోతాడు. పంపిన డాక్టరుకు తాను పంపిన మనిషి ఏమయ్యాడో తెలియదు, తన ఊహ సరైనదో కాదో తెలియదు. మళ్ళీ అదే జబ్బు వస్తే మళ్ళీ అదే బండి. ప్రతి డిశ్చార్జికి ఒక నకలు ఆ ఆరోగ్య కేంద్రానికి, రెండు వాక్యాలు రోగికి అర్థమయ్యే తెలుగులో: దీనికి కొత్త భవనం అక్కరలేదు, ఒక గుమాస్తా, ఒక కంప్యూటరు చాలు. వచ్చే ఏటి శిలాఫలకాల జాబితాలో ఇది ఎలాగూ ఉండదు కనుక, కనీసం వైద్యవిద్య చదువుతున్న మిత్రులైనా తమ యూనిట్లలో మొదలుపెట్టి చూడమని నా విన్నపం.