పండుగ డబ్బా మీద కులం ముద్ర

పండుగ పూట తెల్లవారకముందే లేచి పప్పు రుబ్బి, పూర్ణం ఉడికించి, బూరెలు వేయవలసిన అవసరం నగరాల్లోని ఎన్నో ఇళ్లలో తగ్గిపోయింది. ఉగాదికో, వినాయక చవితికో రెండు రోజుల ముందు ఫోనులో చెబితే చాలు. పులిహోర, బొబ్బట్లు, గారెలు, పరమాన్నం డబ్బాల్లో గుమ్మం ముందుకు వస్తాయి. వేడి చేసుకొని వడ్డించుకోవడమే మిగిలిన పని. ఉద్యోగాలు చేసే స్త్రీలకు, ఒంటరిగా ఉండే వృద్ధులకు ఇది గొప్ప ఊరట. పండుగ అంటే మగవారికి విశ్రాంతి, ఆడవారికి రెట్టింపు చాకిరీ అన్న పద్ధతి కొంతైనా సడలడం ఆహ్వానించదగినదే.

కానీ ఆ డబ్బాతో పాటు మరొకటి కూడా ఇంట్లోకి వస్తున్నది. 'బ్రాహ్మణ వంటవారు చేసినవి', 'మడితో వండినవి' అన్న ప్రకటనలు ఈ వ్యాపారంలో కొత్త కాదు. ఆహార భద్రతా నిబంధనలు ప్యాకెట్ మీద పదార్థాల జాబితా, తయారీదారు చిరునామా, తేదీ, లైసెన్సు సంఖ్య ఉండాలంటాయి. శాకాహారమైతే ఆకుపచ్చ గుర్తు ఉండాలంటాయి. వండిన చేతి కులం చెప్పమని ఎక్కడా అడగవు. మాంసం కలవలేదని తెలియడానికి ఆకుపచ్చ గుర్తు చాలు. శుభ్రతకు తనిఖీ ఉంది. ఇక కులం పేరు అదనంగా చెబుతున్నదేమిటి? ఫలానావారు ముట్టలేదన్న భరోసా మాత్రమే.

అది వంట తీరును తెలిపే పేరే తప్ప వివక్ష కాదని కొందరు వాదిస్తారు. వంట తీరు ఎవరైనా నేర్చుకోగల విద్య. అలాంటప్పుడు ఆ విద్య నేర్చిన మాదిగ యువకుడికి, మాల యువతికి ఆ పొయ్యి దగ్గర ఉద్యోగం దొరుకుతుందా? లేక గిన్నెలు తోమే చోటికే పరిమితమా? అస్పృశ్యత కారణంగా ఉద్యోగానికి అడ్డుపడటం 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం కింద నేరం. కులాన్ని అర్హతగా చాటుకునే వంటశాలలు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

మడి వంటగదితో ఆగదు, దారి పొడవునా నడుస్తుంది. 2019లో జబల్‌పూర్‌లో ఒక వినియోగదారుడు భోజనం తెచ్చే వ్యక్తి హిందువు కాదని ఆర్డరు రద్దు చేసుకున్నాడు. 2024 మార్చిలో జొమాటో సంస్థ శాకాహారం చేరవేసేవారికి ప్రత్యేక దళాన్ని, ఆకుపచ్చ దుస్తులను ప్రకటించింది. విమర్శలు రావడంతో మర్నాడే ఆ దుస్తులను ఉపసంహరించుకుంది. బడిలోనూ ఇదే కథ. మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో దళిత స్త్రీ వండిందని అగ్రవర్ణ విద్యార్థులు అన్నం ముట్టలేదు. అక్కడ ఎంగిలి మాట బాహాటంగా వినబడింది. ఇక్కడ అదే మాట అందమైన అట్టపెట్టె మీద అచ్చవుతున్నది.

మరొక సంగతి. ఈ 'సంప్రదాయ పండుగ భోజనం'లో ఎవరి సంప్రదాయం ఉంది? కనుమ నాడు మాంసం వండుకోవడం తెలుగు పల్లెల్లో బహుజనుల ఆచారం. ఊరి దేవతల జాతరలకు కోడి, మేక తప్పనిసరి. అవి పండుగలు కావా? కొద్దిమంది విస్తరిని అందరి సంస్కృతిగా అమ్మడం, మిగిలినవారి విస్తరిని నిశ్శబ్దంగా పక్కకు నెట్టడమే.

1917లో కేరళలోని చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ వేర్వేరు కులాల వారిని ఒకే పంక్తిలో కూర్చోబెట్టినందుకు సొంత కులమే ఆయనను వెలివేసింది. సహపంక్తి భోజనాలతోనే కులం పోదని, దాని వేరు ఇంకా లోతుగా ఉందని 1936లో అంబేడ్కర్ హెచ్చరించారు. శతాబ్దం గడిచాక మనం పక్కన కూర్చోవడం మాట అటుంచి, కంటికి కనబడని వంటవారి కులాన్ని డబ్బిచ్చి మరీ కొనుక్కుంటున్నాం.

అంగడి కొనేవారి మాట వింటుంది. వంటవారికి ఎంత జీతం ఇస్తున్నారు, వంటశాల శుభ్రంగా ఉందా అని అడుగుదాం. కులం పేరుతో అమ్మే డబ్బాను వెనక్కి పంపుదాం. ప్రభుత్వాలు కూడా లైసెన్సు ఇచ్చేటప్పుడే ఇటువంటి ప్రకటనలను నిషేధించాలి. చల్లారిన అన్నాన్ని వేడి చేసుకోవచ్చు. చల్లారవలసిన మడిని మాత్రం మళ్లీ రాజేయకూడదు.